లిల్లీ తోటలో వైరస్‌కు మినరల్ ఆయిల్: రెండు సీజన్లు వాడి చూశాక

హనుమకొండ జిల్లా ధర్మసాగర్ వైపు 20 గుంటల్లో, అంటే అర ఎకరంలో, లిల్లీ పూలు సాగు చేస్తున్నాను. పుస్తకాల్లో నేల సంపెంగ అనీ, రజనీగంధ అనీ రాసే ఈ పువ్వును మా దగ్గర రైతులూ, కూలీలూ, పూల వ్యాపారులూ లిల్లీ అనే అంటారు కాబట్టి ఇక్కడ కూడా ఆ మాటే వాడుతున్నాను. గడ్డ నాటి పెంచే ఈ పంటలో పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు మోసుకొచ్చే వైరస్‌ను ఆపడానికి రెండు సీజన్లుగా ఉద్యాన పంటల మినరల్ ఆయిల్ కొడుతున్నాను. పెట్రోలియం నుంచి తీసి, బాగా శుద్ధి చేసి, నీటిలో కలిసేలా ఎమల్సిఫయర్ చేర్చి లీటరు సీసాల్లో అమ్మే స్ప్రే నూనె ఇది. ఈ రెండేళ్లలో రెండు కంపెనీల సరుకు వాడాను. ఒకటి బాగా పనిచేసింది, ఇంకొకటి నా ఆకులను మాడ్చింది. నేను చెప్పదలచుకున్నది ఈ రకం నూనె గుణం గురించి, దాన్ని ఎలా పరీక్షించి కొనాలనే దాని గురించి. అందువల్ల కంపెనీల పేర్లు రాయడం లేదు.

మా తోటలో రోగాన్ని మొదట గుర్తుపట్టింది నేను కాదు. పూలు తెంపడానికి వచ్చే అవ్వ ఒకనాడు తెల్లవారుజామున ఒక మొక్క దగ్గర ఆగి, "బిడ్డా, ఈ ఆకుకు చారలొచ్చినయ్, కాడ కూడ పొట్టిగున్నది, దీనికేమన్న పట్టిందా?" అని అడిగింది. ఇనుప ధాతువు లోపం కావచ్చునని అన్నభేది కొట్టాను. రెండు వారాలైనా ఆకు మారలేదు. ధాతువు లోపమైతే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మొత్తం సమానంగా పాలిపోతుంది. ఇక్కడ అలా లేదు. ఆకును తెంపి, పొద్దున ఎండకు ఎదురుగా పట్టి వెనుక నుంచి చూస్తే, ఈనెల వెంట సన్నని లేత పచ్చ గీతలు అక్కడక్కడ తెగి, మళ్లీ మొదలై, చేత్తో గీసి చెరిపినట్లు కనిపించాయి. ఎండ నెత్తి మీదికి వచ్చాక అదే ఆకును చూస్తే గీతలు దాదాపు కనిపించవు. అప్పటి నుంచి రోగపు మొక్కల కోసం తోట తిరిగే పని సూర్యుడు ఒక బార ఎక్కే లోపలే ముగిస్తున్నాను. ఈ పంటలో ఇలాంటి తేలికపాటి చారలు తెచ్చే పోటీవైరస్ జాతి వైరస్‌ను మన దేశంలోనూ శాస్త్రవేత్తలు గుర్తించారు. మొక్క చనిపోదు. కాడ పొట్టిదవుతుంది, మొగ్గలు తగ్గుతాయి, పక్కన పుట్టే పిల్ల గడ్డలన్నిటిలోకీ వైరస్ చేరుతుంది. మరుసటి ఏడాది అవే గడ్డలు తీసి నాటుకుంటాం కాబట్టి, రోగాన్ని మన చేత్తో మనమే తోటంతా నాటుకున్నట్లవుతుంది. విత్తనంతో వేసే పంటకూ గడ్డతో వేసే పంటకూ ఉన్న ఈ తేడా తెలియకపోతే ఈ నూనె విలువ కూడా అర్థం కాదు.

వరంగల్ చుట్టుపక్కల మేమంతా పత్తి, మిర్చి పండించిన వాళ్లం. పురుగు కనిపిస్తే మందు కొట్టడం మాకు అలవాటు. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు విరుచుకుపడ్డప్పుడు మందు మీద మందు కొట్టిన అనుభవం కూడా ఉంది. లిల్లీలోనూ మొదట అదే పని చేసి ఇమిడాక్లోప్రిడ్ కొట్టాను. మొగ్గల అడుగున గుంపుగా ఉన్న పేనుబంక చచ్చింది, రోగం మాత్రం ఆగలేదు. కారణం తెలుసుకున్నాక మందును తప్పుపట్టలేకపోయాను. మిర్చిలో తెల్లదోమ తెచ్చే జెమిని వైరస్ దోమ ఒంట్లోకి పోయి, కొన్ని గంటలు గడిచాకే మరో మొక్కకు సోకుతుంది. ఆ వ్యవధి ఉండడం వల్ల దోమను చంపే మందుకు కొంత పని దొరుకుతుంది. గడ్డజాతి పూల మొక్కలకు వచ్చే పోటీవైరస్‌లు, దోసజాతి మొజాయిక్ వైరస్ అలా కావు. అవి పేనుబంక సూది మూతికి పైపైన అంటుకుంటాయి. రోగపు ఆకు మీద వాలిన పేనుబంక రుచి చూడటానికి కొన్ని సెకన్ల పాటు మూతి గుచ్చితే చాలు, వైరస్ అంటుకుంటుంది. మరో మొక్క మీద అంతే సేపు గుచ్చితే చాలు, దిగిపోతుంది. ఏ మందు కూడా ఆ కొన్ని సెకన్లలో పురుగును చంపలేదు. పైగా రోగాన్ని ఎక్కువగా తిప్పేది తోటలో కాపురం పెట్టిన గుంపు కాదు, రెక్కలతో ఎగిరి వచ్చి, నచ్చక ముందుకు పోయే పేనుబంక. పక్క చేలో పత్తి ముదిరినప్పుడు, మిర్చి తోటలో జనాభా పెరిగినప్పుడు, అలసంద ఎండినప్పుడు రెక్కల పేనుబంక లేచి మన తోట మీదుగా పోతుంది. లిల్లీ మీద ఒక్క పేనుబంక కూడా నిలిచి ఉండకపోయినా రోగం పెరగవచ్చు. "నా తోటలో పేనుబంక లేదు, వైరస్ ఎట్ల వస్తది?" అని అడిగే రైతులకు ఈ సంగతి ఓపికగా వివరించవలసి వస్తున్నది.

నూనె పని ఇక్కడే మొదలవుతుంది. 1962లో కెనడాకు చెందిన బ్రాడ్లీ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి, ఆకు మీద పల్చని నూనె పొర ఉంటే పేనుబంక ఆలుగడ్డ వై వైరస్‌ను అంటించలేకపోతున్నదని ప్రకటించాడు. హాలండ్‌లో అసలు లిల్లీ (మన నేల సంపెంగ కాదు, వేరే పువ్వు), తులిప్ గడ్డలు పెంచే రైతులు పంట కాలంలో మినరల్ ఆయిల్‌ను, చాలాసార్లు పైరెత్రాయిడ్ రకం పురుగుమందుతో కలిపి, వారం వారం కొట్టడం ఎప్పటి నుంచో ఆచారం. నూనె పేనుబంకను చంపి కాపాడదు. దాని మూతికి వైరస్ సరిగా అంటుకోకుండా, అంటుకున్నది సరిగా దిగకుండా అడ్డుపడుతుంది. చచ్చిన పురుగులను లెక్కపెట్టి ఈ సరుకుకు మార్కులు వేయాలనుకునే వాళ్లకు నిరాశే మిగులుతుంది. నేను కొనేటప్పుడు దుకాణదారుడు కూడా, "అన్నా, పేనుబంక చావాలంటే ఇది కాదు, ఇంకోటి ఇస్త" అని సీసాను వెనక్కి పెట్టబోయాడు. అతని తప్పేమీ లేదు. సీసా మీద కూడా ఆపిల్ చెట్ల పొలుసు పురుగు గురించే రాసి ఉంది, వైరస్ మాటే లేదు. కశ్మీర్, హిమాచల్ ఆపిల్ తోటల కోసం తయారైన సరుకు మన వైపు అరుదుగా వస్తుంది. నాకు సీసా దొరకడానికి వరంగల్‌లో నాలుగు దుకాణాలు తిరగవలసి వచ్చింది, చివరికి ఒకరు తెప్పించి ఇచ్చారు. లీటరుకు రూ.420 చెల్లించాను.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది సీసా మీద 'అన్‌సల్ఫోనేటెడ్ రెసిడ్యూ' అనే అంకె. నూనె ఎంత శుద్ధి అయిందో అది చెబుతుంది. ఆకు మీద కొట్టే నూనెకు అది 92 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. తక్కువగా ఉన్న నూనె పచ్చి ఆకును కాలుస్తుంది. ఇంజన్ ఆయిల్, డీజిల్ వంటివి కలుపుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చే వాళ్లున్నారు, దయచేసి ఆ మాట వినకండి. రెండవది నూనె నీటితో కలిసే తీరు. దీనికి ఏ యంత్రమూ అవసరం లేదు. ఒక గాజు గ్లాసులో మన బోరు నీళ్లే తీసుకుని, గ్లాసుకు అర చెంచా నూనె వేసి, మూత పెట్టి బాగా కుదిపి, అరగంట కదపకుండా ఉంచాలి. మంచి నూనె పల్చని మజ్జిగలా తెల్లగా కలిసి అలాగే ఉంటుంది. నా రెండవ సీజన్ మొదట్లో కొన్న సీసా ఇలా చేస్తే పది నిమిషాల్లోనే పైన మీగడ కట్టింది, ఆ మీగడ మీద చిన్న నూనె చుక్కలు కళ్లు తెరిచినట్లు తేలాయి. అది చూసి కూడా, డబ్బు పెట్టాను కదా అని కొట్టాను. ట్యాంకులో మొదట వచ్చింది నీళ్లు, చివర వచ్చింది దాదాపు ఉత్త నూనె. చివరి ట్యాంకు పడిన మూడు సాళ్లలో ఆకుల కొసలు నాలుగు రోజుల్లో గోధుమ రంగుకు తిరిగాయి. తర్వాత అదే సీసా నూనెను చెరువు నీటితో పరీక్షిస్తే కొంత మెరుగ్గా కలిసింది. ఉప్పదనం ఎక్కువున్న మా బోరు నీటికి ఆ సరుకు తట్టుకోలేదని అర్థమైంది. సీసా వెనక్కి ఇస్తానంటే అమ్మినవారు తీసుకోలేదు. అందుకే ఇప్పుడు దుకాణంలోనే గ్లాసు అడిగి, మా బోరు నీళ్ల సీసా వెంట తీసుకుపోయి, పరీక్షించాకే కొంటున్నాను.

వాడకం విషయానికి వస్తే, నేను లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు, అంటే ఒక శాతం చొప్పున వాడుతున్నాను. 16 లీటర్ల ట్యాంకుకు 160 మిల్లీలీటర్లు పడుతుంది. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు అనుకుంటే 20 గుంటలకు ఒక లీటరు సీసా సరిగ్గా ఒక్కసారికి వస్తుంది. మోతాదు కంటే ముఖ్యమైనది తడిపే తీరు. నూనె మొక్క లోపలికి పోయి పాకేది కాదు. తడిసిన చోటే కాపాడుతుంది, తడవని చోట లేనట్లే. లిల్లీ ఆకులు గడ్డి దుబ్బులా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి కాబట్టి పైనుంచి ఊపుకుంటూ పోతే అడుగు ఆకులు పొడిగానే మిగులుతాయి. సన్నని పొగలాంటి తుంపర వచ్చే నాజిల్ పెట్టి, లాన్స్‌ను (స్ప్రేయర్ గొట్టాన్ని) దుబ్బు పక్క నుంచి లోపలికి తిప్పి, ఒక సాలును రెండు వైపుల నుంచీ కొట్టాలి. ఈ పద్ధతిలో మామూలు మందుకంటే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది, కూలి కూడా ఆ మేరకు పెరుగుతుంది. అంతేకాక నూనె కొట్టిన తర్వాత పుట్టిన కొత్త ఆకుకు ఏ రక్షణా ఉండదు. ఆకు తొందరగా పెరిగే రోజుల్లో వారం దాటితే కొట్టిన ఫలితం సగం పోయినట్లే. గట్టి వాన పడితే మళ్లీ కొట్టుకోవలసిందే.

దీని లోపాలు దాచకుండా చెప్పాలి. వేసవిలో మా వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 35 డిగ్రీలు దాటే ఎండలో గానీ, నీరు అందక వాడిన మొక్క మీద గానీ నూనె కొట్టకూడదు. ఏప్రిల్, మే నెలల్లో నేను దాని జోలికే పోను. ఆ ఎండకు రెక్కల పేనుబంక కూడా పెద్దగా కనిపించదు. గంధకం మందుతో దీనికి అస్సలు పడదు. ఎర్రనల్లికో, బూడిద తెగులుకో నీటిలో కరిగే గంధకం కొట్టిన తోటలో కనీసం రెండు, మూడు వారాల ఎడం లేకుండా నూనె పడితే ఆకు మాడుతుంది. కాప్టాన్ అనే తెగుళ్ల మందు విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. మిర్చి రైతుల దగ్గర అరువు తెచ్చుకున్న స్ప్రేయర్‌లో గంధకం అడుగు మిగిలి ఉండవచ్చు కాబట్టి నూనెకు నేను విడిగా ఒక ట్యాంకు పెట్టుకున్నాను. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది పువ్వు. లిల్లీని రోజూ తెంపుతాం, కిలోల లెక్కన అమ్ముతాం. విచ్చబోయే మొగ్గ మీద నూనె పడితే రేకు మీద తడి మరకలా గాజు రంగు మచ్చ మిగులుతుంది. మొదటి సీజన్‌లో బతుకమ్మ రోజుల్లో, ధర బాగున్న సమయంలోనే, ఒకరోజు సరుకును వ్యాపారి మచ్చలు చూపించి తక్కువకు తీసుకున్నాడు. అప్పటి నుంచి పొద్దున పూలు తెంపాక, ఎండ చల్లబడిన సాయంత్రం, నాజిల్‌ను కాడల కంటే కిందికి వంచి ఆకుల వరకే కొట్టిస్తున్నాను. గడ్డ బరువు కూడా కొంత తగ్గే అవకాశం ఉంది; హాలండ్ లిల్లీ సాగులో నూనె తరచుగా కొడితే గడ్డల దిగుబడి కొంత తగ్గినట్లు పరిశోధకులు రాశారు. పూల కోసం పెంచే నాకు అది పెద్ద నష్టం అనిపించలేదు. గడ్డలు అమ్ముకునే వాళ్లు మాత్రం ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఫలితం చెప్పే ముందు ఒక ఒప్పుకోలు ఉంది. మొదటి సీజన్‌లో 10 గుంటలకు నూనె కొట్టి, మిగతా 10 గుంటలను పోల్చి చూడటానికి వదిలాను. రెండు వైపులా వారానికోసారి చారల మొక్కలను గడ్డతో సహా తవ్వి తీసి, లెక్క నోటు పుస్తకంలో రాశాను. సంక్రాంతి నాటికి నూనె కొట్టిన వైపు తీసినవి, కొట్టని వైపు తీసిన వాటిలో సగానికి కూడా రాలేదు. చూడటానికి ఇది గొప్పగానే ఉంది. కానీ కొట్టని వైపు పక్క పత్తి చేనుకు దగ్గరగా ఉంది, పేనుబంక ముందు అక్కడే వాలుతుంది. ఆ తేడా అంతా నూనెదేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను. రెండవ సీజన్‌లో మొత్తం 20 గుంటలకూ కొట్టాను కాబట్టి పోల్చుకోవడానికి ఏమీ మిగలలేదు. పత్తి చేను వైపు సాళ్లలో మాత్రం తవ్వవలసిన మొక్కలు ముందటి ఏడాది కంటే స్పష్టంగా తగ్గాయి. పత్తి గట్టు మీద ఆ ఏడాది మూడు సాళ్ల జొన్న కూడా వేశాను. ఎగిరొచ్చిన పేనుబంక ముందు జొన్న మీద నాలుగు సార్లు మూతి గుచ్చితే దానికి అంటిన వైరస్ అక్కడే తుడుచుకుపోతుంది. తగ్గుదలలో ఆ జొన్న వాటా కూడా ఉండి ఉంటుంది.

తవ్వి తీయడం అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. నూనె కొట్టి రోగపు మొక్కలను తోటలోనే ఉంచుకున్న ఒక రైతు, ఫలితం రాలేదని నాతో వాదించాడు. రోగపు మొక్క తోట మధ్యలో ఉన్నంత కాలం ప్రతి పేనుబంకకూ అది వైరస్ నింపుకునే బావి. దాన్ని పీకేటప్పుడు ఆకులు తెంపి గడ్డను నేలలో వదిలితే మళ్లీ అదే రోగపు పిలక లేస్తుంది. మోచేతి లోతు తవ్వి పిల్ల గడ్డలతో సహా తీయాలి, సంచిలో వేసుకుని బయటికి తీసుకుపోవాలి. పూత మీద ఉన్న మొక్కను తవ్వడానికి మనసొప్పదు, నాకూ ఒప్పలేదు. మూడు కాడలు విచ్చుతున్న దుబ్బును తవ్వించినప్పుడు అవ్వ ఆ కాడలను కోసి, కొంగులో వేసుకుని ఇంటికి తీసుకుపోయింది.

తులిప్ పువ్వు చరిత్ర చదివితే ఇలాంటి రోగం ఎంత పాతదో తెలుస్తుంది. 1637లో కుప్పకూలిన హాలండ్ తులిప్ వ్యాపారంలో అత్యధిక ధర పలికిన గడ్డలు, తెల్లని రేకు మీద ఎర్రని మంటల్లాంటి చారలున్న పూలవి. ఆ చారలు వైరస్ వల్ల వచ్చినవి. 1928లో ఇంగ్లండ్‌లో డొరతీ కేలీ అనే శాస్త్రవేత్త, చారల పూల గడ్డ ముక్కను మామూలు గడ్డకు అంటుకట్టి, ఆ గుణం ఒక గడ్డ నుంచి మరో గడ్డకు సోకుతుందని చూపించింది. హాలండ్‌లో పూల గడ్డలను తనిఖీ చేసే సంస్థ 1923 నుంచీ పనిచేస్తున్నది, నేడు గడ్డల నమూనాలకు ఎలైజా అనే, వైరస్‌ను గుర్తించే ల్యాబ్ పరీక్ష చేసి వైరస్ స్థాయిని బట్టి తరగతులు నిర్ణయిస్తున్నారు. మా ఊరికి వచ్చే లిల్లీ గడ్డల సంచి మీద అలాంటి ముద్ర నేను ఇంతవరకు చూడలేదు. నా మొదటి గడ్డలు అమ్మిన వ్యక్తి రోగం సంగతి అడిగితే ఆకు వచ్చాక చూసుకోమన్నాడు. రోగపు గడ్డ నాటుకున్న తోటకు ఎంత మంచి నూనె కొట్టినా లోపలున్న వైరస్ పోదు. అందుకే ఇప్పుడు గడ్డలు కొనేది ఎండిన సంచిలో చూసి కాదు. ముందు ఏడాది నవంబరులో ఆ రైతు తోటకు పోయి, పొద్దున ఎండకు పట్టి ఆకులు చూసి, చారలు లేని సాళ్లకు గుర్తు పెట్టించుకుని వస్తున్నాను.

గడ్డతోనే పెంచే గ్లాడియోలస్ పూలు వేసే వాళ్లకు ఒక మాట. దానికి వచ్చే ముఖ్యమైన వైరస్ చిక్కుడు జాతి పసుపు మొజాయిక్ వైరస్, అది కూడా పేనుబంకతోనే వస్తుంది. పువ్వు రేకు మీద రంగు తెగి తెల్ల గీతలు పడతాయి. చిక్కుడు పందిరి పక్కన గ్లాడియోలస్ వేసి నూనె మీద భారం వేయకండి.

ఖర్చు గురించి చాలామంది అడుగుతున్నారు. పత్తి మొలకల మీద పేనుబంక మొదలయ్యే జూలై నుంచి చలి తగ్గే ఫిబ్రవరి దాకా వారం వారం కొడితే 20 గుంటలకు 30 సీసాలు దాటుతాయి, కూలి కాక రూ.12,600 పైనే. చిన్న రైతుకు అది భారం. నేను పసుపు రంగు ప్లాస్టిక్ తొట్లు నాలుగు కొని, నీళ్లలో రెండు చుక్కల సబ్బు నురుగు కలిపి, తోట నాలుగు మూలల్లో ఆకుల ఎత్తుకు పెట్టాను. పసుపు రంగుకు రెక్కల పేనుబంక దిగి నీళ్లలో పడుతుంది. మూడు రోజులకోసారి భూతద్దంతో చూస్తాను: వెనుక రెండు చిన్న గొట్టాలు పొడుచుకుని, రెక్కలు గాజులా ఉన్నది పేనుబంక. అది పడని వారాల్లో నూనె కొట్టను. ఈ పద్ధతిలో రెండవ సీజన్ మొత్తానికి 17 సీసాలతో సరిపోయింది, అందులో ఎక్కువ భాగం అక్టోబరు చివర నుంచి జనవరి వరకే ఖర్చయింది. వేపనూనెతో సరిపెట్టుకోవచ్చా అని అడిగితే, పురుగు తిండి మాన్పించడంలో దానికి పేరుంది గానీ, ఈ వైరస్‌ను ఆపే పనిలో మొక్కల నూనెల కంటే మినరల్ ఆయిలే మెరుగు. నేను దాన్ని దీనికి బదులుగా వాడను.

మంచి సీసాకు నేను 5కు 4 ఇస్తాను. తగ్గించిన ఒకటి, పూల మీద మరకకూ, తడపడానికి పట్టే కూలికీ. నీళ్లలో మీగడ కట్టిన సీసాకు 1 కూడా ఎక్కువే. ఫిబ్రవరిలో గడ్డలు తీసి, చారలు లేని సాళ్ల గడ్డలను వేరే గోనెలో కట్టి, పాకలో ఎత్తు మీద పెట్టాను. మూతికి ఎర్ర దారం కట్టిన ఆ మూడు గోనెల గడ్డలే ఈసారి పత్తి చేనుకు దూరంగా, చెరువు కట్ట వైపు నాటబోతున్నాను. జొన్న విత్తనం, నాలుగు పసుపు తొట్లు, గ్లాసు పరీక్షలో నెగ్గిన ఆరు సీసాలు ఇప్పటికే ఇంట్లో ఉన్నాయి.